ఎస్‌యూవీ వెనుక సైకిళ్లు: హిచ్‌ ఎంపిక, అమరిక, బరువు లెక్క

అమెరికాలో వేసవి మొదలైతే హైవేల మీద ఎస్‌యూవీల వెనుక వరుసగా కట్టిన సైకిళ్లు కనిపిస్తాయి. డాలస్‌, అట్లాంటా, న్యూజెర్సీ, శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది పరిచితమైన దృశ్యమే. టొయోటా రావ్‌4, హోండా సీఆర్‌-వీ వంటి వాహనాల్లో నలుగురు మనుషులు ఎక్కిన తరువాత నాలుగు సైకిళ్లకు చోటు మిగలదు. పైకప్పు మీద కట్టాలంటే ఒక్కొక్కదాన్ని తలకు పైగా ఎత్తాలి. కట్టిన సంగతి మరచి వాహనాన్ని గ్యారేజీలోకి నడిపితే సైకిలు, కప్పు, తలుపు మూడూ దెబ్బతింటాయి. డిక్కీ తలుపుకు పట్టీలతో కట్టే చౌక రాక్‌లు రంగును గీరుతాయి. దూర ప్రయాణంలో పట్టీలు వదులవుతాయి. అందువల్ల వాహనం అడుగున, వెనుక బంపరు కింద ఒక ఉక్కు దూలాన్ని బిగించి, దాని మధ్యలోని చదరపు గొట్టంలో సైకిళ్ల రాక్‌ను దూర్చే పద్ధతి ఎక్కువ ఆదరణ పొందింది. ఆ ఉక్కు దూలమే ట్రెయిలర్‌ హిచ్‌. చదరపు గొట్టాన్ని రిసీవర్‌ అంటారు.

పేరును బట్టే అది ట్రెయిలర్‌ను లాగడానికి పుట్టిన పరికరం. సైకిళ్ల కోసం కొనేవారు ట్రెయిలరే లేనప్పుడు లెక్కలెందుకని అనుకోవడం సహజం. అయితే సైకిళ్ల రాక్‌ హిచ్‌ మీద మోపే భారం ట్రెయిలర్‌ మోపే భారం కంటే భిన్నమైనది, కొన్ని విషయాల్లో కఠినమైనది కూడా. పైగా హిచ్‌ పెట్టె మీద అచ్చువేసిన సామర్థ్యం ఒకటి, వాహనం భరించగలిగినది మరొకటి. రెండింటికీ మధ్య మూడు రెట్లకు పైగా తేడా ఉండే సందర్భాలు ఉన్నాయి. వాటిలో చిన్న అంకె ఏదో అదే హద్దు.

నొగ బరువు

హిచ్‌ సామర్థ్యాన్ని రెండు అంకెలతో చెబుతారు. మొదటిది, అది లాగగలిగే ట్రెయిలర్‌ మొత్తం బరువు. రెండోది, హిచ్‌ మీద నిలువుగా కిందికి పడే భారం. దీన్ని ఇంగ్లీషులో టంగ్‌ వెయిట్‌ అంటారు. ఎడ్లబండి ఎరిగినవారికి ఈ భావన కొత్తది కాదు. బండిలో ధాన్యం బస్తాలు ముందుకు ఎక్కువగా వేస్తే నొగ కిందికి వంగి భారమంతా ఎడ్ల మెడ మీద పడుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రెయిలర్‌లో నొగ ఉండవలసిన చోట ఉండే కడ్డీకే ఇంగ్లీషులో నాలుక అనే పేరు స్థిరపడింది. కనుక టంగ్‌ వెయిట్‌ను తెలుగులో నొగ బరువు అనుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది.

ట్రెయిలర్‌కు సొంత చక్రాలుంటాయి కాబట్టి దాని బరువులో 10 నుంచి 15 శాతం మాత్రమే నొగ మీద పడుతుంది. సైకిళ్ల రాక్‌కు చక్రాలు లేవు. రాక్‌ సొంత బరువు, దాని మీద ఎక్కించిన సైకిళ్ల బరువు మొత్తం కలిసి నొగ బరువే అవుతుంది. లాగగల బరువు ఎన్ని వేల పౌండ్లని రాసి ఉన్నా సైకిళ్ల యజమానికి దానితో నేరుగా పని లేదు.

అమెరికాలో హిచ్‌లను తరగతులుగా విభజిస్తారు. ఒకటో తరగతి హిచ్‌ 2,000 పౌండ్ల ట్రెయిలర్‌ను, 200 పౌండ్ల నొగ బరువును భరిస్తుంది. రెండో తరగతికి ఆ హద్దులు 3,500, 350 పౌండ్లు. మూడో తరగతి హిచ్‌లు తయారీదారును బట్టి 5,000 నుంచి 8,000 పౌండ్ల వరకు లాగగలవు. వాటి నొగ బరువు 500 నుంచి 800 పౌండ్ల వరకు ఉంటుంది. నాలుగో తరగతి, ఆపైవి పికప్‌ ట్రక్కులకు సంబంధించినవి. మొదటి రెండు తరగతుల రిసీవర్‌ లోపలి కొలత సాధారణంగా ఒకటింపావు అంగుళం, అంటే సుమారు 32 మిల్లీమీటర్లు. మూడో తరగతి నుంచి అది 2 అంగుళాలు, అంటే సుమారు 51 మిల్లీమీటర్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 2019లో వచ్చిన తరం రావ్‌4 పెట్రోలు రకాల్లో ఎక్కువ ట్రిమ్‌లకు అమెరికాలో ఇచ్చిన లాగుడు హద్దు 1,500 పౌండ్లు. పెట్రోలు సీఆర్‌-వీకీ అంతే. అందులో పదో వంతు లెక్కన నొగ బరువు 150 పౌండ్లు, అంటే సుమారు 68 కిలోలు. ఇదే వాహనాలకు సరిపోయే మూడో తరగతి హిచ్‌లు మార్కెట్లో దొరుకుతాయి. వాటి మీద 500 పౌండ్ల నొగ బరువు అని రాసి ఉండవచ్చు. ఆ హిచ్‌ బిగించినంత మాత్రాన వాహనం 500 పౌండ్లు మోయదు. ఉక్కు దూలం వంగకపోవచ్చు కాని, దాన్ని పట్టుకున్న వాహనపు అడుగు చట్రం, వెనుక స్ప్రింగులు, టైర్లు 150 పౌండ్లకే లెక్కవేసి తయారుచేసినవి. టొయోటా హైలాండర్‌ వంటి పెద్ద వాహనం సంగతి వేరు. దాని పెట్రోలు రకం హద్దు 5,000 పౌండ్లు, హైబ్రిడ్‌ రకం హద్దు 3,500 పౌండ్లు. ఒకే పేరున్న వాహనంలోనే ఇంజను మారితే హద్దు మారుతుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు. కొన్ని వాహనాల యజమాని పుస్తకాల్లో సైకిళ్ల రాక్‌కు వేరే హద్దు ప్రత్యేకంగా ఇస్తారు. అది ట్రెయిలర్‌ నొగ బరువు కంటే తక్కువగా ఉంటే ఆ తక్కువ అంకెనే పాటించాలి.

150 పౌండ్లలో ఏం పడుతుందో చూద్దాం. ఇద్దరు పెద్దల సైకిళ్లు 30 పౌండ్ల చొప్పున, ఇద్దరు పిల్లల సైకిళ్లు 20 పౌండ్ల చొప్పున అనుకుంటే సైకిళ్ల బరువు 100 పౌండ్లు. సైకిళ్లను పైకడ్డీ పట్టి వేలాడదీసే నాలుగు సైకిళ్ల రాక్‌ 40 పౌండ్లుంటే మొత్తం 140, హద్దులోనే ఉంది. అదే కుటుంబం చక్రాలు నిలిపే పళ్లెం తరహా రాక్‌ కొంటే, నాలుగు సైకిళ్ల రకం ఒక్కటే 85 పౌండ్ల దాకా తూగుతుంది. మొత్తం 185. హద్దు దాటింది. సైకిళ్లు మారలేదు, హిచ్‌ మారలేదు. రాక్‌ మారడంతో లెక్క తప్పింది.

బ్యాటరీ సైకిళ్లు వచ్చిన తరువాత సమస్య మరింత పెరిగింది. 60 పౌండ్ల బ్యాటరీ సైకిలు ఇప్పుడు మామూలే. అలాంటివి రెండు, వాటిని మోసే 50 పౌండ్ల రాక్‌ కలిస్తే 170 పౌండ్లు. బ్యాటరీలు విప్పి లోపల పెట్టుకుంటే ఒక్కొక్కదానికి ఏడు పౌండ్ల చొప్పున తగ్గి 156 అవుతుంది. అప్పటికీ 150 దాటిందే. బ్యాటరీ విప్పడం వానకు తడవకుండా ఉండటానికి కూడా మంచిదే కాని, ఈ ఉదాహరణలో అది ఒక్కటే సరిపోదు. ఒక సైకిలును ఇంట్లో వదలాలి, లేదా వాహనానికి తగిన బరువే ఎక్కించాలి.

దూరం చేసే పని

బరువు హద్దులో ఉన్నా మరో లెక్క మిగిలే ఉంటుంది. ట్రెయిలర్‌ భారం రిసీవర్‌కు దగ్గరగా, ఇంచుమించు జానెడు దూరంలోని గుండు మీద పడుతుంది. నాలుగు సైకిళ్ల రాక్‌లో భారపు మధ్యబిందువు రిసీవర్‌ నుంచి రెండడుగులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వెనుక ఉంటుంది. బిందెను ఒంటికి ఆనించి మోయడానికీ, చేయి బారగా చాపి మోయడానికీ ఉన్న తేడా ఇదే. 80 కిలోల భారం 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రిసీవర్‌ను వంచే శక్తి 20 కిలోగ్రామ్‌-మీటర్లు ఉంటుంది. అదే భారం 60 సెంటీమీటర్ల దూరానికి జరిగితే 48కి పెరుగుతుంది. రోడ్డు మీది ప్రతి గుంత దగ్గరా ఆ భారం ఎగిరి పడుతుంది. ట్రెయిలర్‌ తన కుదుపులో కొంత తన చక్రాలతోనే మింగుతుంది. రాక్‌ ప్రతి కుదుపునూ రిసీవర్‌కు అప్పగిస్తుంది.

వాహనం నిలకడ మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. వెనుక ఇరుసుకు 1.6 మీటర్ల వెనుక 80 కిలోలు వేలాడుతున్నాయనుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు. తూకపు సూత్రం ప్రకారం ముందు చక్రాల మీది భారం సుమారు 47 కిలోలు తగ్గుతుంది. వెనుక చక్రాల మీద 80కి బదులు 127 కిలోలు అదనంగా పడుతుంది. స్టీరింగు తేలికగా అనిపించడానికి, రాత్రివేళ హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడటానికి ఇదే కారణం. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద అతికించిన పట్టీలో మనుషులు, సామాను కలిపి వాహనం మోయగలిగే మొత్తం రాసి ఉంటుంది. రాక్‌నూ సైకిళ్లనూ ఆ మొత్తంలోనే లెక్కించాలి.

రిసీవర్‌ను వెనక్కి పొడిగించే గొట్టాలు, ఒకటింపావు అంగుళం రిసీవర్‌ను 2 అంగుళాలుగా మార్చే అతుకులు మార్కెట్లో దొరుకుతాయి. డిక్కీ తలుపు తెరుచుకోవడానికో, కొత్త రాక్‌ పాత హిచ్‌కు పట్టడానికో వాటిని కొంటారు. పొడిగింపు గొట్టం వాడితే హిచ్‌ సామర్థ్యం సగానికి తగ్గినట్టు లెక్కించాలని వాటి తయారీదారులే సూచిస్తారు. చాలా రాక్‌ల సూచనల పుస్తకాలు వీటిని పూర్తిగా నిషేధిస్తాయి. వాహనానికి 2 అంగుళాల హిచ్‌ దొరికే అవకాశం ఉంటే మొదటే దాన్ని తీసుకోవడం మేలు. మూడో సైకిలునూ నాలుగో సైకిలునూ చేర్చే అదనపు భాగాలు సాధారణంగా 2 అంగుళాల రాక్‌లకే వస్తాయి. వాటి ఊగిసలాట కూడా తక్కువ.

హిచ్‌ వాహనానికి సరిపోవాలి

హిచ్‌ను వాహనం పేరు, సంవత్సరం చూసి కొంటారు. అది చాలదు. ఒకే సంవత్సరపు మోడల్‌లో స్పోర్ట్‌ ట్రిమ్‌కు బంపరు ఆకారం వేరుగా ఉండవచ్చు, హైబ్రిడ్‌కు సైలెన్సరు దారి వేరుగా ఉండవచ్చు, రెండు పొగగొట్టాలున్న రకానికి హిచ్‌ అసలే పట్టకపోవచ్చు. అమ్మకందారు ఇచ్చే జాబితాలో ఏ ట్రిమ్‌కు పట్టదో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పెట్టె విప్పిన తరువాత తెలుసుకుంటే ఇరవై కిలోల ఉక్కును తిరిగి పంపించే శ్రమ మిగులుతుంది.

కంపెనీ నుంచే హిచ్‌తో వచ్చిన వాహనాల్లో రిసీవర్‌ బంపరు లోపల దాగి ఉంటుంది. చూడటానికి బాగుంటుంది, నేలకు ఎత్తుగా ఉంటుంది. విడిగా కొన్నవి బంపరు కిందికి వేలాడతాయి. ఇంటి ముందు వాలు దిగేటప్పుడు నేలకు గీరుకోవచ్చు. కంపెనీ టోయింగ్‌ ప్యాకేజీలో గేర్‌బాక్స్‌ నూనెను చల్లబరిచే అదనపు రేడియేటరు, ట్రెయిలర్‌ దీపాల వైరింగు వంటివి కలిసి వస్తాయి. సైకిళ్ల కోసమే అయితే వాటి అవసరం లేదు. ట్రెయిలర్‌ లాగే ఆలోచన ముందు ముందు ఉంటే మాత్రం వైరింగును హిచ్‌తో పాటే వేయించుకోవడం చౌక. మరో జాగ్రత్త: కొన్ని చిన్న వాహనాలకు దొరికే హిచ్‌ల మీద సైకిళ్ల రాక్‌కు మాత్రమే, లాగడానికి కాదు అని రాసి ఉంటుంది. ఆ వాహనాన్ని తరువాత కొనుక్కున్నవారు ఆ పట్టీని చూడకపోతే చిక్కు.

బయటి హిచ్‌ బిగిస్తే వారంటీ పోతుందన్న భయం చాలామందిలో ఉంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్‌-మాస్‌ చట్టం ప్రకారం బయటి భాగం అమర్చారన్న ఒక్క కారణంతో వారంటీని నిరాకరించడానికి వీల్లేదు. ఆ భాగం వల్లనే, లేదా దాన్ని తప్పుగా అమర్చడం వల్లనే లోపం ఏర్పడితే మాత్రం ఆ మరమ్మతుకు వారంటీ వర్తించదు. లీజు వాహనమైతే ఒప్పందం చదవాలి. గడువు ముగిశాక తిరిగి ఇచ్చేటప్పుడు కోసిన ప్లాస్టిక్‌ ప్యానెల్‌కు డబ్బు అడగవచ్చు.

బిగించడం

నేటి ఎస్‌యూవీల్లో ఎక్కువ వాటికి వెనుక అడుగు చట్రంలో కంపెనీలోనే రంధ్రాలు పెట్టి, లోపల నట్లు వెల్డింగ్‌ చేసి ఉంచుతారు. అలాంటి వాహనానికి హిచ్‌ బిగించడం ఇంటి వాకిట్లో ఇద్దరు మనుషులు చేయగలిగిన పనే. అనుభవం ఉంటే గంట, లేకపోతే సగం రోజు. బంపరు మొత్తం విప్పి లోపలి అడ్డదూలాన్ని తీయవలసిన రకాలు, చట్రానికి కొత్త రంధ్రాలు వేయవలసిన రకాలు ఉంటే ఆ పని తెలిసిన గ్యారేజీకి అప్పగించడమే మంచిది. విద్యుత్తు వాహనాల అడుగున నారింజ రంగు తొడుగుతో అధిక వోల్టేజీ తీగలు పోతుంటాయి, బ్యాటరీ కూడా అక్కడే ఉంటుంది. అక్కడ డ్రిల్లింగ్‌ మాట తలపెట్టకూడదు.

ముందుగా వాహనాన్ని చదునైన నేల మీద నిలపాలి. ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి వాహనం కిందికి దూరడం ప్రాణంతో చెలగాటమే. సైలెన్సరు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. చాలా వాహనాల్లో హిచ్‌ను పైకి జరపడానికి సైలెన్సరు అడ్డు వస్తుంది. అది రబ్బరు చెవుల మీద వేలాడుతుంటుంది. వాటికి సబ్బు నీళ్లు రాస్తే కడ్డీ నుంచి జారి వస్తాయి. సైలెన్సరును గాలిలో వదలకుండా కింద ఒక చెక్క దిమ్మె గాని, బెల్టు గాని ఆధారంగా పెట్టాలి. లేకపోతే ముందున్న గొట్టపు అతుకు వంగుతుంది. స్టెప్నీ అడుగున ఉండే వాహనాల్లో దాన్నీ దించాలి. వేడి సోకకుండా పెట్టిన రేకును, ప్లాస్టిక్‌ కవచాన్ని సూచనల పుస్తకంలో గీసినంత మేర కత్తిరించవలసి రావచ్చు. ముందు హిచ్‌ను ఆనించి గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే కత్తెర తీయాలి.

వెల్డింగ్‌ నట్ల మరల్లో తుప్పు, మట్టి చేరి ఉంటాయి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఈశాన్య రాష్ట్రాల్లో నాలుగేళ్ల వాహనానికే ఇది పెద్ద అడ్డంకి. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే చల్లి, ఇత్తడి కుంచెతో మరలను శుభ్రం చేసి, బోల్టును చేతితోనే నాలుగైదు చుట్లు తిప్పి చూడాలి. చేతికి రాని బోల్టును పానాతో బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, లేదా వెల్డింగ్‌ ఊడి నట్టు చట్రం లోపల గిరగిర తిరుగుతుంది. అప్పుడు అరగంట పని రెండు రోజుల పని అవుతుంది. ఈ పనిలో నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

వెల్డింగ్‌ నట్లు లేని చట్రాల్లో బోల్టును లోపలి నుంచి బయటికి తీసుకురావాలి. దీనికి కిట్‌లోనే చివర స్ప్రింగులా చుట్టిన తీగ ఇస్తారు. తీగను హిచ్‌ తగిలే రంధ్రంలోంచి దూర్చి, చట్రానికి పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి తీసి, దాని చివరకు చదరపు వాషరును, బోల్టును ఎక్కించి, వెనక్కి లాగితే బోల్టు సరైన చోట తొంగి చూస్తుంది. లంగాకు నాడా ఎక్కించినట్టే ఉంటుంది. బోల్టు జారి లోపల పడిపోకుండా నట్టు పట్టేదాకా తీగను వదలకూడదు.

మూడో తరగతి హిచ్‌ బరువు 15 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. ఒకరు పట్టుకోవాలి, మరొకరు రెండు వైపులా ఒక్కో బోల్టు ఎక్కించాలి. అన్ని బోల్టులూ వదులుగా పట్టాక రెండు వైపులా కొలిచి హిచ్‌ను మధ్యకు జరపాలి. తరువాత టార్క్‌ రెంచ్‌తో సూచనల పుస్తకంలో రాసినంత బిగించాలి. ఒక కిట్‌లోని అంకెను మరో కిట్‌కు వాడకూడదు. బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలుంటాయి. అవి ఉక్కు బలాన్ని తెలుపుతాయి. పోగొట్టుకున్న బోల్టు స్థానంలో అదే లావున్నదని హార్డ్‌వేర్‌ దుకాణంలో దొరికిన మామూలు బోల్టు వేయడం ప్రమాదకరం. సైలెన్సరు చెవులు తిరిగి ఎక్కించి, ఇంజను నడిపి, గొట్టం హిచ్‌కు తగిలి చప్పుడు చేయడం లేదని చూడాలి. తొలి వంద కిలోమీటర్ల తరువాత బిగింపును మరోసారి సరిచూడటం మంచి అలవాటు.

రాక్‌ ఎక్కించే ముందు

వేలాడదీసే రాక్‌ తేలిక, చౌక. పైకడ్డీ వాలుగా ఉండే సైకిళ్లు, పిల్లల చిన్న సైకిళ్లు, కార్బన్‌ చట్రమున్నవి దానికి సరిగా కుదరవు, ఒకదానికొకటి రాసుకుంటాయి. పళ్లెం తరహా రాక్‌ బరువైనది, ఖరీదైనది, కాని చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి చట్రాన్ని తాకదు. బ్యాటరీ సైకిళ్లకు అదే తగినది. ప్రతి రాక్‌కూ ఒక్కో సైకిలుకు వేరే హద్దు ఉంటుంది. పళ్లెం తరహా రాక్‌లలో 60 పౌండ్ల హద్దు తరచుగా కనిపిస్తుంది. ట్రెయిలర్‌ వెనుక, క్యాంపర్‌ వెనుక రాక్‌ తగిలించడాన్ని చాలామంది తయారీదారులు నిషేధిస్తారు. అక్కడ కుదుపు మరీ ఎక్కువ.

రాక్‌ కడ్డీని రిసీవర్‌లో దూర్చి అడ్డంగా ఒక శీల వేస్తారు. 2 అంగుళాల రిసీవర్‌కు దాని లావు 5/8 అంగుళం, ఒకటింపావు అంగుళానికి సాధారణంగా 1/2 అంగుళం. లావు తప్పిన శీల వేస్తే ఊగుతూ ఊగుతూ రంధ్రాన్ని అరగదీస్తుంది. మరలున్న శీల, లేదా గొట్టంలో ఉబ్బి బిగుసుకునే మేకు ఉన్న రాక్‌లు ఊగిసలాటను బాగా తగ్గిస్తాయి. బయలుదేరే ముందు రాక్‌ను చేతులతో గట్టిగా ఊపి చూడాలి. రాక్‌తో పాటు వాహనం కూడా ఊగితే బిగింపు సరిగా ఉన్నట్టు. రాక్‌ ఒక్కటే కదిలితే ఎక్కడో వదులుంది. పొగగొట్టం నోరు సైకిలు టైరుకు ఎదురుగా ఉందేమో చూడాలి. గంటల ప్రయాణంలో ఆ వేడికి టైరు కరిగిన సందర్భాలు అరుదు కావు.

వెనక్కి నడిపేటప్పుడు వాహనం పొడవు మీటరు పెరిగిందన్న సంగతి గుర్తుండదు. వెనుక సెన్సర్లు రాక్‌నే అడ్డంకిగా భావించి మోత మోగిస్తాయి. కొన్ని వాహనాలు తమంతట తామే బ్రేకు వేస్తాయి. ట్రెయిలర్‌ మోడ్‌ ఉంటే అది వేయాలి, లేకపోతే ఆ సదుపాయాన్ని తాత్కాలికంగా ఆపాలి. మీట నొక్కితే తెరుచుకునే డిక్కీ తలుపు రాక్‌ను ఢీకొంటుంది. ఇంటికి వచ్చాక రాక్‌ను తీసివేయడం మేలు. ఖాళీ రాక్‌ను ఏడాది పొడుగునా మోస్తే ఇంధనం ఖర్చవుతుంది, ఉప్పుకు తుప్పుపట్టి కడ్డీ రిసీవర్‌లోనే అతుక్కుపోతుంది. పక్కగా నడిచేవారి మోకాళ్ల సంగతి సరేసరి.

నంబరు ప్లేటు, చట్టం

రాక్‌, సైకిళ్లు కలిసి నంబరు ప్లేటును కప్పేస్తాయి. అమెరికాలో దీనిపై ఒకే చట్టం లేదు. కాలిఫోర్నియా వాహన చట్టం ప్లేటు స్పష్టంగా కనిపించాలని కోరుతుంది. టెక్సస్‌ చట్టం ప్లేటును కప్పడాన్ని నేరంగా పరిగణిస్తూనే, మామూలు పద్ధతిలో అమర్చిన హిచ్‌నూ సైకిళ్ల రాక్‌నూ దాని నుంచి మినహాయించింది. డాలస్‌ నుంచి బయలుదేరి రాష్ట్రం దాటేవారికి ఆ మినహాయింపు సరిహద్దు వరకే. వెనుక దీపాలు, సిగ్నళ్లు కప్పబడితే ఎక్కడైనా ఇబ్బందే.

బ్రిటన్‌లో పరిస్థితి కఠినం. అక్కడ, యూరప్‌లోని ఇతర దేశాల్లో చదరపు రిసీవర్‌ కంటే 50 మిల్లీమీటర్ల గుండు ఉన్న టోబార్‌ వాడుకలో ఉంది. సైకిళ్ల రాక్‌ ఆ గుండు మీదే బిగుసుకుంటుంది. ప్లేటు, దీపాలు కప్పబడితే రాక్‌ మీద అదే నంబరుతో మరో ప్లేటును, దీపాల పలకను అమర్చి దానికి విద్యుత్తు ఇవ్వాలి. ప్లేటు కనిపించకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. కనుక అక్కడ హిచ్‌తో పాటు వైరింగు కూడా తప్పనిసరి ఖర్చే.

భారతదేశంలో అమ్ముడయ్యే ఎస్‌యూవీల్లో రిసీవర్‌తో వచ్చేవి అరుదు. హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సౌర కప్పు సైకిల్‌ ట్రాక్‌ 2023 అక్టోబరులో ప్రారంభమైన తరువాత సైకిళ్లను కారులో అక్కడికి తీసుకువెళ్లేవారికి ఎక్కువగా అందుబాటులో ఉన్నవి డిక్కీకి పట్టీలతో కట్టే రాక్‌లు, పైకప్పు రాక్‌లే. విదేశం నుంచి హిచ్‌ తెప్పించి వెల్డింగ్‌ చేయించే ఆలోచన ఉన్నవారు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను గమనించాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్‌ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని అలాగే వ్యాఖ్యానించింది. కారు ముందు బిగించే క్రాష్‌గార్డులు, బుల్‌బార్లు ఈ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. చట్రానికి ఏదైనా బిగించే ముందు ప్రాంతీయ రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థ దగ్గరా లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. పట్టీల రాక్‌ వాడినా వెనుక హై సెక్యూరిటీ ప్లేటు కెమెరాకు కనిపించేలా సైకిలును కట్టుకోవలసిందే.